మేనమామ ఇల్లా, అమ్మ పుట్టిల్లా?
జయంతుల గురించి కొన్ని ఆలోచనలు

పాయకరావుపేటలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాలాంటివాళ్లకి సెప్టెంబరు 21 ఖాళీగా ఉండదు. ఆ రోజు గురజాడ జయంతి. 1862లో ఆయన పుట్టిన ఎస్. రాయవరం మా అనకాపల్లి జిల్లాలోనే, మాకు దగ్గర్లోనే ఉంది. ఏటా ఏదో ఒక సభకి నన్ను పిలుస్తారు. డాక్టరేటు ఉందని కొంత, వేదిక మీద ఒక్క ఆడమనిషైనా లేకపోతే బాగుండదని కొంత. గురజాడ రాయవరంలో మేనమామ ఇంట పుట్టారన్న వాక్యంతో ఉపన్యాసం మొదలుపెట్టడం అక్కడ ఆనవాయితీ. నేనూ చాలా ఏళ్లు ఆ వాక్యాన్ని అలాగే అప్పజెప్పాను.

ఒక ఏడు మా అమ్మ నాతో వచ్చింది. సభంతా ఓపిగ్గా విని, తిరుగు బస్సులో అడిగింది.

"మేనమామ ఇల్లంటారేటే అందరూ? ఆళ్లమ్మకి అది పుట్టిల్లే కదా. పురిటికెల్లింది, కన్నాది."

నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి పేరు కౌసల్యమ్మ. కాన్పుకి పుట్టింటికి వెళ్లే ఆడవాళ్ల ఆచారం వల్లే రాయవరానికి ఆ గౌరవం దక్కింది. అయినా ఆ ఇంటిని కొడుక్కి మేనమామ వరసతో గుర్తుపెట్టుకున్నాం గానీ కూతురికి పుట్టిల్లుగా గుర్తుపెట్టుకోలేదు. ఇందులో ఎవరూ కుట్ర చెయ్యలేదు. మన భాష తన అలవాటు చొప్పున ఆస్తి హక్కు ఎవరిదో వాళ్ల పేరే చెప్పింది, అంతే. జయంతులు, వర్ధంతులు, శతజయంతులు ఎవరి లెక్క ప్రకారం జరుగుతున్నాయో ఆలోచించడం నాకు ఆ బస్సులోనే మొదలైంది.

ఇంట్లో అయితే ఈ లెక్కలన్నీ ఆడవాళ్లవే. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరికి పెట్టాలో, ఎవరు ఏ నెలలో పోయారో మా నానమ్మకి కాగితం చూడకుండా తెలుసు. మామగారి తండ్రి దాకా అత్తింటి మూడు తరాల లెక్క ఆవిడ నోట్లో ఉండేది. ఆవిడ పుట్టిన రోజు మాత్రం ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని వేశారు. ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి అదే తేదీ. అందరి రోజుల్నీ కాపాడే మనిషికి తనదంటూ ఒక రోజు లేకపోవడం మన ఇళ్లల్లో వింతేమీ కాదు. సాహిత్య చరిత్రలో జరిగింది కూడా ఇదేనని నా అనుమానం.

2010లో తెలుగు కథకి నూరేళ్లని సభలు జరిగాయి, సంకలనాలు వచ్చాయి. లెక్క సులభం. గురజాడ 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో అచ్చయింది. కానీ భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి'లో వచ్చింది. ఇది పరిశోధకులకి తెలియని సంగతి కాదు. తెలిసి కూడా అది మొదలు కాదని చెప్పడానికి కారణాలు వెతుక్కున్నాం. భాష గ్రాంథికమన్నాం, నీతిబోధ ఎక్కువన్నాం, ఆధునిక కథాలక్షణం లేదన్నాం. "అన్నాం" అనే అంటున్నాను, ఎందుకంటే నా సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయం మొదటి వాక్యంలోనే తెలుగు కథ 1910లో పుట్టిందని ఉంది. అచ్చమాంబని పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో పెట్టాను. నాకు ఆ పట్టా ఇప్పించిన వాక్యాల్లో అదీ ఒకటి.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ కారణాలు అంత గట్టిగా నిలబడవు. 'దిద్దుబాటు'లో రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కనపడదు, ఉత్తరం కనపడుతుంది. సానుల పాటకి అలవాటుపడ్డ భర్తని కమలిని అలా దారికి తెస్తుంది. 'ధనత్రయోదశి'లో పేదరికం వల్ల పండగపూట పరాయి సొమ్ముకి ఆశపడిన భర్తకి విజయలక్ష్మి ఎదురుగా నిలబడి అది తప్పని చెబుతుంది. రెండూ భర్తని భార్య దిద్దిన కథలే. నీతి రెండింట్లోనూ ఉంది. గురజాడ కథలో శిల్పం నునుపైనది, సంభాషణలు జీవంతో ఉన్నాయి, హాస్యం ఉంది. వీటిని కాదనను. కానీ ఆ కథలో భార్య కథ చివరిదాకా మంచం కింద ఉంటుంది. నవ్వూ గాజుల చప్పుడూ విన్నాకే ఆమె ఎక్కడుందో మనకి తెలుస్తుంది. అచ్చమాంబ కథలో భార్య దాక్కోదు, ముఖాముఖి మాట్లాడుతుంది. నూరేళ్ల పండగకి మనం ఎంచుకున్నది మంచం కింద నవ్విన ఆమెని.

అసలు ఈ అచ్చమాంబ ఎవరు? 1874లో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు ఇంట్లోనే చదువు నేర్చుకుంది. కన్నబిడ్డల్ని పోగొట్టుకుంది. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టింది. 1905 జనవరి 18న, ముప్ఫై ఏళ్లకే కన్నుమూసింది. ఇంత కొద్ది జీవితంలో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆడవాళ్లు తెలివితక్కువ వాళ్లు, చపలచిత్తలు అనే నిందలకి జవాబుగా, చరిత్రలోని స్త్రీల జీవితాల్ని ఒక్కొక్కటే వెతికి పోగుచేసింది. ఎవరు మొదటిది, ఎవరు గొప్ప అనే పోటీ పెట్టకుండా ఒకరి పక్కన ఒకర్ని కూర్చోబెట్టింది. అందులోని 'ఖనా' కథనాన్ని సుశీ తారు, కె. లలిత 1991లో తమ 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో చేర్చారు. అంటే ఆమె చేసిన పనినే వాళ్లు కొనసాగించారన్నమాట.

2024 ఆమెకి నూటయాభయ్యో ఏడు. ఒక సభ పెడదామని నేను అడిగిన చోట, సిలబస్‌లో లేని మనిషికి జయంతి ఏమిటన్నారు. ఏ తేదీన జరపాలో ప్రభుత్వ కేలండర్‌లో చూసి చెప్పమన్నారు. నేను ఆధార్ కార్డు జనవరి 1ని తలుచుకుని ఊరుకున్నాను. ఒక ఆదివారం మా ఇంట్లోనే పదకొండు మంది అమ్మాయిలం కూర్చుని 'ధనత్రయోదశి'ని వంతులవారీగా పైకి చదువుకున్నాం. చదవడం అయ్యాక తునినుంచి తాండవ వంతెన దాటి వచ్చే అమ్మాయి ఒకామె అడిగింది:

"అక్కడా ఇక్కడా భార్య భర్తని దిద్దడమే కదా మేడమ్. మరి ఆవిడకేం కావాలో ఎవరు రాశారు?"

నేను సభ పెట్టి ఉంటే ఈ ప్రశ్న వచ్చేది కాదు. దండలూ వక్తలూ ముగిసేసరికి బస్సు టైమయ్యేది.

ఈ సందర్భంలో అమెరికా స్త్రీల అనుభవం మనకి పనికొస్తుంది. 1848 జులై 19, 20 తేదీల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన సభని అక్కడి స్త్రీల హక్కుల ఉద్యమానికి పుట్టినరోజుగా చెబుతారు. 1923లో డెబ్భయ్యయిదేళ్ల ఉత్సవానికి అక్కడికే వెళ్లిన ఆలిస్ పాల్ దండ వేసి ఊరుకోలేదు. స్త్రీపురుషుల సమాన హక్కుల కోసం రాజ్యాంగ సవరణ కావాలని ప్రతిపాదించింది. వార్షికోత్సవాన్ని కొత్త డిమాండుగా మార్చడం అంటే ఇదీ. అయితే దీనికి ఇంకో పక్క కూడా ఉంది. సెనెకా ఫాల్స్ నుంచే అంతా మొదలైందన్న కథని ఎలిజబెత్ స్టాంటన్, సూసన్ ఆంథొనీ అంతర్యుద్ధం తర్వాత ఎలా నిర్మించారో 2014లో లీసా టెట్రాల్ట్ వివరించింది. ఆ కథలో నల్లజాతి స్త్రీల పోరాటాలకి చోటు తగ్గిపోయింది. స్త్రీలు రాసుకున్న మొదలు కూడా ఇంకొందరు స్త్రీలని తుడిచెయ్యగలదన్నమాట.

కాబట్టి 1910ని చెరిపేసి 1902 రాస్తే పని అయిపోయినట్టు కాదు. 'మొదటి కథ' కిరీటాన్ని గురజాడ తల మీంచి తీసి అచ్చమాంబ తల మీద పెడితే, ఆమె కూడా చదవకుండా దండ వేసే పటమే అవుతుంది. పైగా ఆమె కథల్లోని స్త్రీలు ఏ కులాల వాళ్లో, అక్షరం ఎవరి ఇంటిదాకా వచ్చిందో అడగవలసిన బాధ్యత మనకి ఉంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చేదాకా దళిత స్త్రీల సాహిత్యం ఒకచోట చేరలేదు. ఆ ఆలస్యానికి ఏ వార్షికోత్సవం జరుపుకుందాం?

గురజాడ మీద నాకు కోపం లేదు. నిజానికి ఆయన్ని సరిగ్గా గుర్తుచేసుకోవాలంటే 'కన్యాశుల్కం' 1897 నాటి ముందుమాట తియ్యాలి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, అంటే మా ఊళ్లు కూడా ఉన్న జిల్లాలో, మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1,034 అని అందులో లెక్క ఉంది. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. నాటకంలో లుబ్ధావధాన్లు పక్కన పెళ్లిపీటల మీద కూర్చునేది కూడా సుబ్బి కాదు, ఆడవేషం కట్టిన శిష్యుడు. జయంతి రోజున మా పిల్లలు గిరీశం వేషం వేస్తారు, మధురవాణి వేషం వేస్తారు. ఆ వెయ్యిన్నీ ముప్ఫైనాలుగు మందికి వేషం లేదు, పేరు లేదు. గురజాడ చేతనైనంత చేసి ఆ అంకె మనకి అప్పగించాడు. మనం అంకెని వదిలేసి ఆయన విగ్రహాన్ని పట్టుకున్నాం.

వచ్చే సెప్టెంబరులో పిలిస్తే వెళ్తాను. ఈసారి ఉపన్యాసం కౌసల్యమ్మ పుట్టింట్లో మొదలవుతుంది. తర్వాత ఆ ముందుమాటలోని అంకెలు చదువుతాను. మిగిలిన సమయం ఆ తుని అమ్మాయికి ఇమ్మని అడుగుతాను. ఇవ్వకపోతే నా సమయంలోంచే ఇస్తాను.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వెయ్యడానికి ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను. ముందుగా ఆ మొదటి వాక్యం కొట్టేశాను. దాని స్థానంలో ఏం రాయాలో నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. పేజీ అడుగున ఉన్న అచ్చమాంబని మాత్రం పైకి తెచ్చాను.