తోడి గాంధారం ముందు రెండు సాఫ్ట్‌వేర్లు

స్వరాలు రాసే మ్యూజ్‌స్కోర్, ధ్వనిని రికార్డు చేసి దిద్దే ఆడాసిటీ రెండూ ఉచితమే. 2021 నుంచి రెండూ మ్యూజ్ గ్రూప్ చేతిలోనే ఉన్నాయి. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు కంప్యూటర్ తెరవగానే ఎక్కువగా మొదటిదాని వైపే మొగ్గుతారు. స్వరం అచ్చయినట్టు కనిపిస్తే పాఠం సగం వచ్చేసినట్టు అనిపిస్తుంది మరి. ఆడాసిటీని కత్తిరింపులకూ అతికింపులకూ పనికొచ్చే సామానుగా చూస్తారు. ఈ వరసను తిరగెయ్యాలని నా వాదన. అయితే అది అందరికీ కాదు.

ముందు మ్యూజ్‌స్కోర్‌కి దక్కవలసిన మర్యాద దానికి ఇద్దాం. సరళీ వరసలు రాసి చూడండి. ఎన్ నొక్కితే స్వరం రాసే స్థితిలోకి వెళతాం. అంకెలు కాలప్రమాణాన్ని చెబుతాయి: 5 నొక్కితే పావు స్వరం, 4 అయితే అందులో సగం, 3 అయితే అందులోనూ సగం. మొదటి కాలాన్ని 5తో రాస్తే రెండో కాలానికి 4, మూడో కాలానికి 3. మౌస్‌తో ఒక్కో స్వరాన్నీ గీత మీద కూర్చోబెట్టే అలవాటు మొదటిరోజే మానుకోవడం మంచిది. సాహిత్యానికి కంట్రోల్-ఎల్. మొదటి వరసలో స, రి, గ అని రాసి, ఎంటర్ నొక్కి రెండో వరసలో సాహిత్యాన్ని పెడితే పాశ్చాత్య గీతల లిపి స్టాఫ్ చదవనివాళ్లకు కూడా ఆ కాగితం పనికొస్తుంది. తెలుగు ఫాంట్ ఏదో స్టైల్స్‌లో మీరే ఎంచి పెట్టండి. వదిలేస్తే ఆ కంప్యూటర్‌లో దొరికినదాన్ని వాడేసుకుంటుంది. మీ దగ్గర బాగున్న ఒత్తులు ఇంకొకరి దగ్గర చెదిరిపోవచ్చు.

మాయామాళవగౌళ దగ్గర మొదటి చిక్కు వస్తుంది. షడ్జాన్ని సి అనుకుంటే రిషభం, ధైవతం మాత్రమే ఫ్లాట్లు. పాశ్చాత్యుల కీ సిగ్నేచర్లలో ఫ్లాట్లు ఒక వరసలోనే వస్తాయి. డి, ఏ ఫ్లాట్ కావాలంటే వాటికన్నా ముందు బి, ఇ కూడా కావాల్సిందే. కాబట్టి సిద్ధంగా ఉన్నవాటిలో మన రాగానికి సరిపోయేది లేదు. మాస్టర్ ప్యాలెట్‌లో సొంత కీ సిగ్నేచర్ తయారుచేసుకోవచ్చు. ఒకసారి చేసుకుంటే ప్రతి రిషభం పక్కనా ఫ్లాట్ గుర్తు పెట్టే బాధ తప్పుతుంది. ఆదితాళానికి 8/4 పెట్టుకుంటే ఆవృత్తం ఒక్క గడిలో ఇముడుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. తోడి దగ్గరికి రండి. సాధారణ గాంధారాన్ని ఇ-ఫ్లాట్‌గా రాసి వినండి. వినిపించేది తోడి కాదు. ఆ గాంధారం రిషభం దగ్గర నుంచి మధ్యమం దాకా ఊగుతూ ఉండాలి. ఆ ఊగడమే దాని ఉనికి. మ్యూజ్‌స్కోర్ మ్యూజ్ఈ అనే సీక్వెన్సర్ నుంచి పుట్టింది. 2002లో వెర్నర్ ష్వేర్ దాన్నుంచి స్వరలేఖన భాగాన్ని విడదీసి కొత్త ప్రోగ్రాం చేశాడు. ఆ వంశంలో స్వరమంటే ఒక స్థానం, ఒక నిడివి. గ్లిసాండో గీత పెడితే మామూలుగా మెట్లు దిగినట్టు అరస్వరాల మీదుగా పోతుంది. స్వరాన్ని సెంట్లనే సూక్ష్మ కొలతల్లో పైకో కిందికో జరపవచ్చు గాని, జరిపినచోట అది కదలకుండా నిలబడుతుంది. గమకం రాదు.

ఇది సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సమస్య కాదు. ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ 1890ల్లోనే మద్రాసులో మన కృతులను స్టాఫ్‌లోకి ఎక్కించి అచ్చు వేశారు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో తెచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాక్షరాలకు తోడు గమకాలకు విడిగా గుర్తులు కల్పించారు. స్వరాక్షరం ఒక్కటే చాలదని దీక్షితులకు తెలుసు. ఆ గుర్తుల్లాంటివి మ్యూజ్‌స్కోర్‌లో కావాలంటే స్టాఫ్ టెక్స్ట్‌గా చేత్తో పెట్టుకోవాలి. పెట్టినా అవి చూడడానికే తప్ప వినడానికి కాదు.

ఆడాసిటీకి స్వరమంటే ఏమిటో తెలియదు. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ పరిశోధనలో భాగంగా దాన్ని మొదలుపెట్టారు. అది చూపేది ధ్వనిని మాత్రమే. తోడికి కావాల్సింది సరిగ్గా ఇదే. మీ గురువుగారి పాఠం రికార్డును తెరిచి, ట్రాక్ మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచి, గరిష్ఠ ఫ్రీక్వెన్సీని 2000కి తగ్గించి, విండో సైజును 4096 చెయ్యండి. ఒకటి శ్రుతిలో పాడే మగ గొంతులో మధ్య షడ్జం సుమారు 131 హెర్ట్జ్. అక్కడ రిషభానికీ మధ్యమానికీ తేడా 36 హెర్ట్జే, తెరమీద ఆ ఊపు సన్నగా నలిగిపోతుంది. కిందిగీతను వదిలేసి, దాన్ని ఒకటిగా లెక్కిస్తే నాలుగోదైన హార్మోనిక్ గీతను చూడండి. సుమారు 550 నుంచి 700 హెర్ట్జ్ మధ్య అదే ఊపు నాలుగింతలై పరుచుకుని కనిపిస్తుంది. ఎన్నిసార్లు ఊగింది, ఎక్కడ ఆగింది, మధ్యమాన్ని నిజంగా తాకిందా లేదా అన్నీ కంటితో లెక్కపెట్టవచ్చు.

నెమ్మదిగా వినాలంటే చేంజ్ టెంపో ఎఫెక్ట్ వాడండి, శ్రుతి మారదు. ప్లే-ఎట్-స్పీడ్ మీట శ్రుతినీ లాగేస్తుంది. సరిగ్గా సగం వేగానికి తెస్తే మాత్రం అంతా ఒక స్థాయి కిందికి దిగుతుంది, స్వరాల పేర్లు మారవు కాబట్టి అదీ పనికొస్తుంది. పాట నడుస్తుండగా ప్రతి ఆవృత్తం ఎత్తుగడలో కంట్రోల్-ఎం నొక్కుతూ పొండి, ఆ క్షణంలో లేబుల్ పడుతుంది. దానిలో తెలుగులోనే రాసుకోవచ్చు.

ఆడాసిటీకీ ఒక గుడ్డితనం ఉంది. నాయిస్ రిడక్షన్ అనే ఎఫెక్ట్‌కి ముందు నమూనా చూపాలి. తంబూర మోగుతున్న చోటు నమూనాగా ఇస్తే అది తంబూరనే చప్పుడనుకుంటుంది. తంబూరతోపాటు పాడేవారి షడ్జ పంచమాలనూ కొరికేస్తుంది. ఎప్పుడూ ఆగని శబ్దం దాని లెక్కలో ఫ్యాను రొద కిందికే వస్తుంది. అందుకని శ్రుతిపెట్టె వెయ్యకముందే కొన్ని క్షణాలు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పెట్టుకోవాలి. సొంత గొంతు మీద గొంతు కలిపి పాడేటప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పక్కన పెట్టండి. ఆలస్యం వల్ల తాళం జారుతుంది.

వాద్యబృందం మాటొస్తే నా వాదన నిలవదు. చెన్నై స్టూడియోల్లో వయొలిన్ల వరస స్టాఫ్ చదివే వాయిస్తుంది. ఇళయరాజా చేత్తో రాసిన పుటలు అలాంటి వాద్యకారుల ముందుకే వెళ్లాయి. పదిమంది ఒకేసారి విల్లు కదపాలంటే స్పెక్ట్రోగ్రామ్ ఎందుకూ కొరగాదు. మ్యూజ్‌స్కోర్‌లో స్కోరులో ఒక స్వరం దిద్దితే ఆ వాద్యం పార్టులోనూ అది మారిపోతుంది. ఆ సౌకర్యానికి ఆడాసిటీలో సమానమైనది లేదు. రాసినవాటిని వేరే ప్రోగ్రాంలూ చదవగల మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లోనూ ఎగుమతి చేసి పెట్టుకోండి. 1988లో పుట్టిన ఫినాలే అనే స్వరలేఖన సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని 2024 ఆగస్టులో ఆపేస్తున్నట్టు దాని కంపెనీ ప్రకటించింది. దాని సొంత ఫైళ్లలోనే ఏళ్ల పని దాచుకున్నవాళ్లు దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒక పరీక్ష ఉంది. తోడి వర్ణంలో ఒక ఆవృత్తాన్ని గాయకుడి శ్రుతికి మార్చి మ్యూజ్‌స్కోర్‌లో రాసి, వేవ్ ఫైలుగా తీసి, ఆడాసిటీలో గాయకుడి ట్రాక్ కింద పెట్టండి. రెండిటికీ స్పెక్ట్రోగ్రామ్ వెయ్యండి. కింద గాంధారం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. పైన అదే గాంధారం ఆ గీత దగ్గర ఎంతసేపు నిలిచిందో కొలవండి. సాధకుడి పుస్తకంలో స్వరం పక్కన రాసుకోవలసిన సంగతి ఆ కొలతే.