మంజీర లెక్కలో ముందు ఎవరు?

మ్యాపులో చూడండి, మంజీర నది మా నారాయణఖేడ్‌ను చుట్టి వెళ్తుంది. దక్షిణాన సింగూరు జలాశయం, ఈశాన్యాన దాని దిగువన నిజాంసాగర్. నది దగ్గరే, మా పొలాలే ఎత్తులో ఉన్నాయి. ఆ నదికి కంప్యూటర్‌లో నమూనా కట్టి, నీళ్లు పంచి చూడటం నాకు ఇష్టమైన పని.

సూత్రం చిన్నది. ఉన్న నిల్వకు వచ్చిన నీటిని కలిపి, ఆవిరైనదీ వదిలినదీ తీసేస్తే మిగిలేదే కొత్త నిల్వ. నెలనెలా అదే లెక్క. చిక్కంతా అంకెల్లో. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో దాదాపు 30 టీఎంసీలు పట్టేవి, పూడిక పేరుకున్నాక ఇప్పుడు 17.8. పాత అంకె వేస్తే నమూనా లేని నీళ్లు చూపిస్తుంది. సగటూ అంతే. 2016 వేసవికి అడుగంటిన సింగూరు ఆ సెప్టెంబరు వానలకే నిండింది. ఏడాది సగటు తీస్తే ఆ ఎండా కనబడదు, వరదా కనబడదు.

అసలు సంగతి వేరే గడిలో ఉంది. వీప్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి వాడకానికీ 1 నుంచి 99 దాకా ప్రాధాన్యం అడుగుతుంది. నీళ్లు చాలనప్పుడు చిన్న అంకెకే ముందు. 1975లో కర్ణాటకతో కుదిరిన ఒప్పందంలోనే సింగూరు నుంచి హైదరాబాద్ తాగునీటికి 4 టీఎంసీలు రాసుకున్నారు, కాబట్టి 1 నగరానిదే. మరి 2?

బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరిలో మా ఊళ్లోనే శంకుస్థాపన జరిగింది. సింగూరు నుంచి 8 టీఎంసీలు, 1.65 లక్షల ఎకరాలు. భాగిస్తే ఎకరాకు అడుగు పైచిలుకు లోతు నీళ్లు, అదీ కాలువల్లో ఏమీ ఇంకిపోకుంటే. వరికి చాలవు, ఆరుతడికైతే ఫరవాలేదు. సింగూరుకు గోదావరి నీళ్లు తెచ్చి నింపుతామన్నది ప్రణాళిక. అవి రాని ఏడాది మా ఎత్తిపోతలకు 2 వేస్తే నిజాంసాగర్ గడులు నీళ్లు చాలక ఎర్రబడతాయి, 3 వేస్తే మావి. ఖేడ్‌వాణ్ణి కదా, వేలు 2 మీదికే పోతుంది. ఆ అంకెను ఏ వానమాపకమూ చెప్పదు, ఎవరో ఒకరు కూర్చుని వేయాల్సిందే.

చెరువు కింద నీరటి వంతులు వేసేటప్పుడు ఎవరి మడికి ముందో ఊరంతా చూసేది, తగాదా ఉంటే కట్టమీదే తేలేది. ప్రాజెక్టు నివేదికల్లో మాత్రం ఎకరాలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, కరువు ఏడాది వరస కోసం వెతుక్కోవాలి. ఒకే కరువు ఏడాదిని రెండు వరసల్లోనూ నడిపి, రెండు ఫలితాలనూ పక్కపక్కన అచ్చేసి, ఖేడ్‌లోనూ నిజాంసాగర్ ఆయకట్టులోని బాన్సువాడలోనూ ఒకే రోజు గోడకు అంటించాలి.