విప్పడానికి గన్ను, బిగించడానికి చెయ్యి

బెజవాడ ఆటోనగర్‌లో పాతతరం మేస్త్రి ఒక నట్టు బిగిస్తుంటే పక్కన నిలబడి చూడాలి. పానా జోలికి వెంటనే పోరు. నట్టును వేళ్లతో పట్టి మొదట వెనక్కి తిప్పుతారు. మర గాడిలో పడగానే వేలికి చిన్న అదురు తెలుస్తుంది. అక్కడినుంచి ముందుకు, చేత్తోనే, ఆగేదాకా. మధ్యలో ఎక్కడైనా పట్టేసిందంటే బలం పెట్టరు. విప్పి, మర తుడిచి, మళ్లీ మొదటినుంచి తిప్పుతారు. ఆ తర్వాతే పానా. దాన్ని ఎక్కడ పట్టుకోవాలన్నదీ లెక్కే. పది నంబరు పానా అయితే మెడ దగ్గర, పందొమ్మిది అయితే చివర. చిన్న బోల్టు మీద పెద్ద బలం పడకుండా అదే కొలత. ఏళ్ల తరబడి ఇంజన్లు విప్పి కట్టిన చేతికి ఇదంతా ఆలోచించకుండానే వస్తుంది. చూసేవాడికి మాత్రం దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈమధ్య సొంతకారు ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఒకటే ప్రశ్న: ఇంట్లో పనికి ఏ ఇంపాక్ట్ రెంచి కొనాలి? కొనండి, మంచి పనిముట్టే. ఏది కొనాలో కూడా చెప్తాను. కానీ అది ఏ పనికి పుట్టిందో తెలుసుకోకుండా కొంటే డబ్బుతోపాటు బోల్టులూ పోతాయి. నా పక్షం ఏమిటో ముందే చెప్పేస్తున్నాను: గన్ను, అంటే ఈ ఇంపాక్ట్ రెంచి, విప్పడానికి. చివరి బిగింపు మాత్రం చేతిదే.

చరిత్ర పెద్దగా లేదు. 1930లలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రాబర్ట్ పాట్ అనే ఆయన దీన్ని కనిపెట్టారని, ఆ హక్కులు తీసుకుని ఇంగర్సోల్ రాండ్ కంపెనీ గాలితో నడిచే రెంచిని మార్కెట్లోకి తెచ్చిందని చెప్తారు. మన దగ్గరకు లారీ షెడ్ల ద్వారా, టైర్ల షాపుల ద్వారా వచ్చింది. ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ పేరు తెచ్చింది మాత్రం చేతిపానాలే.

గన్ను లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇందులో మోటారు నట్టును నేరుగా తిప్పదు. బరువైన ఉక్కు సుత్తిని గిర్రున తిప్పుతుంది. సాకెట్ తొడిగే ఇరుసుకు రెండు చెవులుంటాయి. సుత్తి వచ్చి ఆ చెవులను కొడుతుంది, జారి వెనక్కి తగ్గుతుంది, మళ్లీ వేగం పుంజుకుని కొడుతుంది. బ్యాటరీ రెంచిల్లో ఈ వెనక్కి తగ్గే పని స్ప్రింగు, రెండు ఉక్కు గోళీలు చూసుకుంటాయి. నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు పడతాయి. మేకును బొటనవేలితో ఎంత తోసినా దిగదు, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే దిగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. దెబ్బ సెకనులో వెయ్యో వంతు కనుక మన మణికట్టు మెలిపడదు. ఆ అదురుకే మరల మధ్య గడ్డకట్టిన తుప్పు పొడిపొడిగా రాలుతుంది. పొడుగు రాడ్డుకు పైపు తొడిగి ఇద్దరు వేలాడినా కదలని నట్టు గన్నుకు లొంగేది ఇందుకే.

అయితే గన్ను రాకముందు తుప్పు బోల్టులు ఊడలేదా? ఊడాయి, అదీ ఎంత అందంగా! సైలెన్సర్ మానిఫోల్డు స్టడ్ లోపలికంటా విరిగిపోతే, దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి వెల్డింగు చేసి, ఎర్రదనం తగ్గాక పానాతో మెల్లగా తిప్పి మొత్తం ముక్కను బయటికి తీసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వేడికి వ్యాకోచించి, చల్లారాక కుదించుకుపోయిన ఉక్కు తుప్పు పట్టును తానే వదిలేస్తుంది. వేడెక్కిన బోల్టు మొదట్లో కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల సందుల్లోకి పాకుతుంది. ఇంకొక ఎత్తు మరీ ముచ్చటైనది: విప్పాల్సిన నట్టును ముందు ఒక వెంట్రుకవాసి బిగిస్తారు. తుప్పు పగిలిన చప్పుడు వినిపించాక వెనక్కి తిప్పుతారు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు, మధ్యలో ఒక చుక్క నూనె. తొందరపడి ఒకే ఊపులో లాగేవాడి చేతిలో విరిగే బోల్టు, ఓపికున్నవాడి చేతిలో చెక్కుచెదరకుండా వస్తుంది.

గన్ను పట్టినవాళ్లలోనూ మహానుభావులున్నారు, కాదనను. 2019లో ఫార్ములా వన్ పందెం బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో రెడ్ బుల్ జట్టు నాలుగు చక్రాలు 1.82 సెకన్లలో మార్చింది. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ వాళ్లు తమ డ్రైవర్ నోరిస్ కారుకు 1.80 సెకన్లలో మార్చి ఆ రికార్డు తీసుకున్నారు. రెప్ప రెండుసార్లు వేసేలోగా పాత చక్రం పోయి కొత్తది వచ్చి నిలుస్తుంది. కారు పూర్తిగా ఆగకముందే గన్ను పట్టినవాడి సాకెట్ నట్టు మీద ఉంటుంది. అమెరికా నాస్కార్ కప్ సిరీస్ పందేల్లో 2021 దాకా చక్రానికి అయిదు నట్లు ఉండేవి. మోకాళ్ల మీద దూకి, అయిదింటినీ ఒకే ఊపులో వరసగా కొట్టే ఆ కుర్రాళ్ల పనితనం చూడటానికే ఆ పందేలు చూసినవాళ్లున్నారు. 2022 నుంచి అక్కడా ఫార్ములా వన్‌లో లాగే చక్రానికి ఒకే నట్టు. వేగం సంగతేమోగానీ ఒక విద్య పోయింది. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. ఆ ఒంటి నట్టు ఆ గన్ను కోసమే తయారైంది, ఆ గన్ను ఆ నట్టు కోసమే. మన మారుతి చక్రానికున్న నాలుగు నట్లు అలా తయారైనవి కావు.

బిగింపు అంటే నిజానికి బోల్టును సాగదీయడం. కంటికి కనిపించనంత సాగుతుంది, మళ్లీ దగ్గరకు లాక్కోవాలని చూస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ లాగుడే. మనం పానా మీద పెట్టే శ్రమలో సుమారు పదోవంతే ఈ లాగుడుగా మారుతుంది. మిగిలిందంతా నట్టు ముఖం దగ్గర, మరల దగ్గర రాపిడికి పోతుంది. చాలా కార్ల చక్రపు నట్లకు కంపెనీ చెప్పే బిగింపు 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 100 న్యూటన్ మీటర్లు అంటే పాతిక సెంటీమీటర్ల పానా చివర 40 కిలోల బరువు. అంతమాత్రానికే ఒక్కో 12 మిల్లీమీటర్ల స్టడ్డూ దాదాపు 4 టన్నుల బలంతో చక్రాన్ని అదిమిపెడుతుంది. మరకు నూనె పూసి అంతే బిగిస్తే రాపిడి తగ్గి లాగుడు ఇంకా పెరుగుతుంది. అందుకే కంపెనీ చెప్తే తప్ప చక్రపు స్టడ్డుకు గ్రీజు రాయకూడదు. డెబ్బై కిలోల మనిషి ముప్ఫై సెంటీమీటర్ల పానా చివర ఎక్కి నిలబడితే 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది, అంటే రెట్టింపు. టైర్ల షాపు గాలిగన్ను అంతకు కొన్ని రెట్లు కొట్టగలదు.

ఇక ఎంపిక. ఇంటి కారు పనికి అరంగుళం డ్రైవ్, అంటే సాకెట్ తొడిగే మొన, సరైనది. ముప్పాతిక అంగుళం లారీలకు. మూడు బై ఎనిమిది అంగుళాలది బంపర్లు, ఇంజన్ మీది చిన్న బోల్టులకు బాగుంటుంది గానీ మొండి చక్రపు నట్టు దగ్గర చేతులెత్తేస్తుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసేది చాలాసార్లు విప్పే బలం; బిగించే బలం అంతకంటే తక్కువ. రెండు అంకెలూ విడివిడిగా చూడండి. ఉదాహరణకు మకితా డిటిడబ్ల్యు 300 అనే బ్యాటరీ రెంచి బిగింపులో 330, విప్పడంలో 580 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్ పనికి ఇలాంటి మధ్యరకం సరిపోతుంది. వెయ్యి న్యూటన్ మీటర్ల బరువైన రకం హోండా క్రాంక్ పుల్లీ బోల్టు లాంటి మొండిఘటాలతో కుస్తీ పట్టేవాళ్లకే అవసరం. అది తలకిందులుగా పట్టుకుని కారు కింద పడుకుంటే పది నిమిషాల్లో చెయ్యి లాగేస్తుంది.

గాలితో నడిచేదా, కరెంటుదా, బ్యాటరీదా? గాలిగన్ను తేలిక, గట్టిది, నీళ్లకూ దుమ్ముకూ జంకదు. కానీ 90 పీఎస్‌ఐ దగ్గర నిలకడగా గాలి తోడే పెద్ద కంప్రెసర్ కావాలి. ఇంట్లో పెట్టుకునే చిన్న ట్యాంకు రెండు మూడు నట్లకే నీరసిస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆ చప్పుడుకు వాచ్‌మన్ కంటే ముందు అసోసియేషన్ వాళ్లు దిగొస్తారు. వైరుది చవక, సొంత షెడ్డు ఉంటే ఫర్వాలేదు. మిగతా అందరికీ బ్రష్‌లెస్ మోటారున్న 18 వోల్టుల బ్యాటరీ రెంచి మేలు. 20 వోల్టులని అమ్మేదీ ఇదే. అయిదు సెల్‌లు నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే ఒక అంకె, మామూలుగా కొలిస్తే ఇంకొకటి, అంతే తేడా. బ్యాటరీ నాలుగైదు ఆంపియర్ అవర్లదైతేనే దెబ్బలో దమ్ముంటుంది. వేగం రెండు మూడు మెట్లలో మార్చుకునే వీలు, ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కితే నెమ్మదిగా తిరిగే గుణం తప్పనిసరి.

మిషను కంటే ముఖ్యమైనవి సాకెట్లు. మెరిసే క్రోమ్ సాకెట్ చేతిపానాకు తయారైంది. గన్ను దెబ్బకు పగిలి ముక్క కంట్లో పడితే అంతే సంగతులు. నల్లటి, దళసరి గోడల క్రోమ్ మాలిబ్డినమ్ ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. ఆరు మూలలవే కొనండి, పన్నెండు మూలలవి తుప్పు నట్టు తల అరగదీస్తాయి. మారుతి కార్లలో ఎక్కువగా 19, హ్యుందాయ్, టొయోటాల్లో ఎక్కువగా 21 నంబరు పడతాయి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి; చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్గులు. జాకీ మీదే నమ్మకం పెట్టుకుని కారు కింద దూరకండి, స్టాండు వేయాల్సిందే.

అమెరికాలో మిషిగన్, న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లకు ఇవన్నీ ఇంకా ఎక్కువ అవసరం. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు అడుగుభాగమంతా తుప్పే, పైగా కొందరు ఏడాదికి రెండుసార్లు చక్రాలు మారుస్తారు. విశాఖ, కాకినాడ సముద్రపు గాలి తగిలే కార్లదీ ఇంచుమించు అదే కథ.

ఇప్పుడు నకిలీల సంగతి. బజారులో, ఆన్‌లైన్‌లో '48 విఎఫ్', '88 విఎఫ్' అని స్టిక్కరు అంటించిన బ్యాటరీ రెంచిలు కుప్పలుగా దొరుకుతున్నాయి. లోపల వరసకు అవే అయిదు సెల్‌లు, నిండుగా ఛార్జి చేస్తే 21 వోల్టులు. ఆ '88' ఏ కొలతకూ సంబంధించింది కాదు, కొనేవాడి కళ్లకు గంతలు కట్టడానికి వేసింది. పేరున్న కంపెనీ రంగు, పేరులో ఒక్క అక్షరం తేడా, పెట్టె మీద వేల న్యూటన్ మీటర్లు. పదో చక్రం దగ్గర గేరు అరిగి సుత్తి జారుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. ఇంతకంటే దారుణం, మామూలు క్రోమ్ సాకెట్‌కు నల్లరంగు పూసి ఇంపాక్ట్ సాకెట్ అని అమ్మడం. అది మోసం ఒక్కటే కాదు, మనిషి కళ్లతో చెలగాటం. పనిముట్టును గౌరవించని వ్యాపారం పనివాడిని మాత్రం గౌరవిస్తుందా?

నకిలీలను మించి నాకు కడుపు మండించేది రోడ్డు పక్కన టైర్ల షాపులకు మనమే అలవాటు చేసిన నిర్లక్ష్యం. చక్రం తగిలించి, నట్టును చేత్తో ఎక్కించకుండా గన్ను సాకెట్లో పెట్టి నేరుగా స్టడ్డు మీదికి కొట్టేస్తారు. మర వంకరగా పట్టినా గన్ను ఆగదు, తినేస్తుంది. వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగిస్తారు, ఎదురెదురుగా కాదు. ఒక నట్టు విరిగేంత, ఇంకొకటి వదులుగా. అడిగితే "బిగించేశాం సార్, ఊడదు" అంటారు. ఊడదు, నిజమే! రాత్రిపూట సూర్యాపేట దాటాక టైరు పంచరై, కారుతో వచ్చిన ఎల్ పానా మీద ఇంటిల్లిపాదీ ఎక్కి తొక్కినా ఊడదు. సాగిపోయిన స్టడ్డు ఒక రోజున చెప్పకుండా విరుగుతుంది. ఎగుడుదిగుడు బిగింపుకు హబ్బు మీద డిస్కు సమంగా కూర్చోక, బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. అప్పుడు డిస్కు పోయిందంటారు, కొత్తది వేయిస్తారు, మళ్లీ అదే గన్నుతో బిగిస్తారు.

దీనికి మందు పెద్ద ఖర్చేమీ కాదు. ఒక మంచి టైరు కొన్నంత డబ్బుతో, పెట్టిన అంకెకు బిగింపు చేరగానే క్లిక్‌మనే టార్క్ రెంచి వస్తుంది. నట్లు చేత్తో ఎక్కించాలి, గన్ను తక్కువ మెట్టులో పెట్టి ముఖం ఆనేదాకా తేవాలి, కారు నేలకు దించి టార్క్ రెంచితో ఎదురెదురుగా, కారు పుస్తకంలో చెప్పిన అంకెకు బిగించాలి. ఒక్క క్లిక్ చాలు, నమ్మకం కోసం మళ్లీ మళ్లీ కొడితే ప్రతిసారీ కొంచెం ఎక్కువే పడుతుంది. పని అయ్యాక స్కేలును అడుగు అంకెకు దించి పెట్టెలో పెట్టాలి. దాంతో ఎన్నడూ విప్పకూడదు. అల్లాయ్ చక్రాలైతే వంద కిలోమీటర్ల లోపు మరొక్కసారి సరిచూసుకోవాలి.

పాతతరం మేస్త్రీల దగ్గర టార్క్ రెంచి లేదు, వాళ్ల మోచేతిలోనే ఉంది. ఆ మోచేతులు ఒక్కొక్కటిగా రిటైరవుతున్నాయి, వాటి పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోయారు. నేర్పేవాళ్లు ఉన్నప్పుడే ఐటీఐల్లో, షెడ్లలో ఈ చేతివిద్యకు ఒక పీట వేయాలి. ఆ లోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి టైర్ల షాపుకు వెళ్లినప్పుడు కారులో కూర్చుని ఫోను చూసుకోకండి. దిగి పక్కన నిలబడి, "చివరి బిగింపు టార్క్ రెంచితో వేయన్నా" అని అడగండి. లేదంటే ఇంకో షాపు చూసుకోండి. నలుగురు కస్టమర్లు వెనక్కి తిరిగారంటే, అయిదోవాడు వచ్చేసరికి ఆ గోడకు టార్క్ రెంచి వేలాడుతుంది.