దీవిలోనూ వంటేనా?

ఆదివారం అనుబంధాల్లోనూ, ట్రావెల్సువాళ్ళు పంచే కరపత్రాల్లోనూ, స్త్రీల పత్రికల వేసవి సంచికల్లోనూ ఒక రకం రచన తరచుగా కనబడుతూ ఉంటుంది. "తక్కువ ఖర్చుతో దీవుల్లో సెలవులు" అనో, "మధ్యతరగతికీ అందే అండమాన్" అనో దానికి పేరు పెడతారు. కథల్నీ నవలల్నీ చీల్చి చెండాడే విమర్శకులు బోలెడుమంది ఉన్నారు గానీ, వీటి జోలికి ఎవరూ వెళ్ళరు. నిజం చెప్పాలంటే మా శాలిబండ గల్లీలో కవిత్వం చదివే ఆడవాళ్ళకంటే ఇవి చదివే ఆడవాళ్ళే ఎక్కువ. చదివి ఊరుకోరు. కత్తెరతో కత్తిరించి, ఆవకాయ పాళ్ళు రాసుకున్న నోటుబుక్కులో దాస్తారు. అంత శ్రద్ధగా దాచుకునే రచనని సాహిత్యం కాదనడానికి నాకు మనసొప్పదు. సాహిత్యమే అయితే మరి విమర్శకి నిలబడాలి కదా!

ఈ రచనలకి ఒక ఒరవడి ఉంది. మొదటి పేరాలో నీలి సముద్రం, తెల్లని ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు తప్పకుండా ఉంటాయి. రెండో పేరాలో "అమ్మో, అంత ఖర్చా అని భయపడకండి" అని ఒక అభయహస్తం. అక్కణ్ణుంచి చిట్కాలు. టిక్కెట్లు మూడు నెలలు ముందుగా కొనుక్కోండి. గదిలో గ్యాసు పొయ్యి ఉండేట్టు చూసుకుంటే హోటలు ఖర్చు తగ్గుతుంది. పులిహోర, చపాతీలు కట్టుకుంటే మొదటి రోజు గడిచిపోతుంది. బట్టలు అక్కడే ఉతుక్కుంటే సామాను బరువు తగ్గుతుంది. చదువుతుంటే ఎంత హాయిగా ఉంటుందో! ఇవన్నీ వాటంతట అవే జరిగిపోతాయేమో అన్నంత హాయి.

ఇక్కడే నా పేచీ. ఆ క్రియల్ని కాస్త నిదానంగా చూడండి. కట్టుకుంటే, వండుకుంటే, ఉతుక్కుంటే. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడుస్తుంది. అది మన భాషకున్న వెసులుబాటు. దానికి తోడు ఈ "కొను" ఒకటి. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు, అంటే తనకోసం తాను చేసుకోవడం. నలుగురూ నాలుగు స్టూళ్ళు వేసుకుని ఎవరి చపాతీ వాళ్ళు ఒత్తుకుంటున్నట్టూ, ఎవరి తువ్వాలు వాళ్ళు జాడించుకుంటున్నట్టూ అనిపించడం దాని చలవే. మన ఇళ్ళల్లో ఆ "కొను" ఎవరి నెత్తిన పడుతుందో నేను చెప్పాలా? కర్త కనబడకపోతే పని కూడా కనబడదు. పని కనబడకపోతే దానికి ఖరీదూ ఉండదు. చిట్కాలో ఆదా అని వేసిన అంకె అలా పుట్టిందే.

లెక్క వేసి చూద్దాం. నలుగురున్న కుటుంబం, అయిదు రోజులు, రోజుకి మూడు పూటలు. అరవై కంచాలు. అరవైసార్లు వడ్డన, అరవై కంచాలు తోమడం, మధ్యలో ఉప్పూ కారం ఎక్కడ దొరుకుతాయని కొత్త ఊళ్ళో వెతుకులాట. ఇదంతా ఖర్చు పట్టీలో సున్నా. కాగితం మీద ఆదా మొత్తం కుటుంబానిది, చాకిరీ ఒక్కరిది. ఇలాంటి చిట్కాలు ఓరోజు మా పక్కింటి ఆపాకి చదివి వినిపించాను. ఆవిడకి తెలుగు చదవడం రాదు గానీ వింటే అంతా అర్థమవుతుంది. చివరిదాకా ఓపిగ్గా విని, "సబ్ అచ్ఛా హై, మగర్ పకాతే కౌన్?" అన్నారు. అంతా బాగానే ఉంది గానీ వండేదెవరు అని! ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను.

యాత్రారచనలో ఖర్చూ సదుపాయం రాయడం మనకి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో మా హైదరాబాదునీ చూశారు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి రాసిన సంగతులే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయ్యాయి. ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఏ ఊళ్ళో సామాన్లు దొరుకుతాయి, ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది అన్నీ ఆ పుస్తకంలో దొరుకుతాయి. నాకు అందులో నచ్చేది మరోటుంది. పల్లకీ మోసిన బోయీలు ఆ పుస్తకంలో మాయం కారు. పల్లకీ దానంతటది కదిలినట్టు ఆయన రాయలేదు. ఆయన దొరతనం ఆయనదే, కాదనను. కానీ మోసేవాడికి కూలి ఉంటుందనీ, ఆ కూలి యాత్ర ఖర్చులో భాగమనీ ఆయనకి తెలుసు. దాదాపు రెండొందలేళ్ళ తర్వాత రాసేవాళ్ళకి వంటావిడ కనబడకపోవడం వింతే.

ఇక కాలం సంగతి. "సీజను కానప్పుడు వెళితే సగానికి సగం చౌక" అన్నది ఈ రచనల్లో తిరుగులేని సూత్రం. అది మనకి బాగా తెలిసిన ఆషాఢం తగ్గింపే సుమండీ. ఆషాఢంలో చీర ఎందుకు చౌకో తెలిసినవాళ్ళకి, ఆషాఢంలో అండమాన్ ఎందుకు చౌకో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మే నెలలోనే వానలు మొదలవుతాయి. సముద్రం పొంగితే దీవుల మధ్య తిరిగే పడవలు ఆపేస్తారు. గది చౌకగా దొరుకుతుంది, నిజమే. ఆ గదిలో కిటికీలోంచి వాన చూస్తూ పిల్లలకి బజ్జీలు వేసే భాగ్యం ఎవరిదో మళ్ళీ అడక్కండి. పైగా మా పాతబస్తీలో ఆషాఢం అంటే లాల్‌దర్వాజా బోనాలు. చుట్టాలందరూ మా ఇంటికే వస్తారు, మేం ఎక్కడికి పోతాం? నవంబరు నించి ఏప్రిల్ దాకా అక్కడ కాస్త తెరిపి. ఖర్చు ఎక్కువైనా డబ్బుకి సముద్రం దక్కేది అప్పుడే.

అన్నీ తిట్లే అనుకోకండి. ఈ రచనల్లో మంచివి కొన్ని ఉన్నాయి. తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి, చిన్న దీవుల్లో ఉండిపోకూడదు అని ఒకరు రాశారు. అది లక్ష రూపాయల మాట. పొద్దున్న పడవ ఆగిపోతే విమానం పోతుంది, విమానం పోతే పట్టీ అంతా తల్లకిందులే. సర్కారు పడవ చౌక, కానీ టిక్కెట్లు దొరకడం కష్టం కాబట్టి ముందే చూసుకోమన్నది కూడా మంచి మాటే. పేర్ల సంగతి మాత్రం చాలామంది మర్చిపోతారు. హేవ్‌లాక్ 2018 డిసెంబరు నించి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పాత పేరు రాసుకుని వెళ్ళి, టిక్కెట్టు మీద కొత్త పేరు చూసి కంగారు పడేది మనమే కదా.

సాయంత్రం గురించి కూడా చెప్పాలి. "సాయంకాలం తీరిగ్గా బీచికి వెళ్ళి సూర్యాస్తమయం చూడండి" అని రాస్తారు. అండమాన్ మనకి ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. చలికాలంలో అయిదింటికల్లా పొద్దు కుంకుతుంది. స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్ బీచి పేరుపడ్డదే సూర్యాస్తమయానికి. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, టీ పెట్టి, రాత్రికి కూర తరిగి "తీరిగ్గా" బయలుదేరిన ఇల్లాలికి అక్కడ కనబడేది చీకటే. మిగతావాళ్ళు ముందే వెళ్ళి చూసొచ్చి, "నువ్వూ చూడాల్సిందే" అంటారు.

ఓడ ప్రయాణం గురించి రాసేటప్పుడు మాత్రం ఈ రచయితలు తెగ సంకోచపడతారు. చెన్నై నించీ విశాఖ నించీ ఓడలున్నాయి గానీ రెండున్నర, మూడు రోజులు దండగ, విమానంలో అయితే హైదరాబాదు నించి కొద్ది గంటలే అంటారు. ఓడలో కడుపులో తిప్పుతుంది, తేదీలు ముందుగా తెలియవు, చౌక బెర్తుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. ఒప్పుకున్నాను. కానీ అన్నం క్యాంటీనువాళ్ళు వండి పెడతారు. మూడు రోజులు పొయ్యి ముట్టుకోకుండా సముద్రం చూస్తూ కూర్చోవడం దండగట! ఈ రకం దండగ కోసం పెళ్ళయిన దగ్గర్నించీ ఎదురుచూసే ఆడవాళ్ళు ఉంటారని ఆ రాసేవాళ్ళకి ఎవరు చెప్పాలి?

"చూడవలసినవి" అనే భాగంలో సెల్యులర్ జైలు గురించి రెండు ముక్కలుంటాయి, ఎవరి రచన చూసినా అవే రెండు ముక్కలు. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. అంతకు చాలా ముందే, మా ఇళ్ళకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మక్కా మసీదుతో సంబంధమున్న మౌల్వీ అల్లాఉద్దీన్ గారిని ఆ దీవులకి పంపేశారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మనిషి ఆయన. 1859లో ద్వీపాంతరం పోయారు, మళ్ళీ రాలేదు. వాళ్ళు దాడి చేసిన ఆ రెసిడెన్సీ భవనంలోకే 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. మనలో ఎంతమందిమి అక్కడ చదువుకున్నాం! హైదరాబాదు పాఠకురాలి కోసం రాసేవాళ్ళు ఈ ఒక్క వాక్యం వేస్తే, పిల్లలకి జైలు చూపిస్తూ తల్లి చెప్పడానికి ఏదైనా ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

అసలు దీవి అంటే అండమానూ, మాల్దీవులూ, బాలీ అనే ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. లక్షద్వీప్ పేరూ ఈ మధ్య బాగా వినిపిస్తోంది గానీ, దానికి ముందుగా అనుమతి కాగితం కావాలి, కొచ్చి దాకా పోవాలి. మన అమ్మమ్మలు చక్కగా రైలెక్కి వెళ్ళిన దీవి ఒకటుంది. రామేశ్వరం! చుట్టూ సముద్రం, కొబ్బరిచెట్లు, ఇసుక. కరపత్రంలో అడిగినవన్నీ ఉన్నాయి. 1914లోనే అక్కడికి సముద్రం మీద రైలు వంతెన వేశారు. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి కొట్టుకుపోయింది, ఆ మొండిగోడలు ఇప్పటికీ చూడొచ్చు. 1988లో బస్సులకీ కార్లకీ వంతెన వచ్చింది. పాత రైలు వంతెన మీద 2022 చివర్లో బళ్ళు ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో కొత్తది తెరిచారు. నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో దిగి, అక్కడ బండి మారితే సరి. ఇంత చౌకయిన దీవి ఏ చిట్కాల రచనలోనూ కనబడదు. యాత్ర వేరు, సెలవు వేరు అని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

ఆ అమ్మమ్మల ప్రయాణాన్ని మరీ పూలతో అలంకరించను. మడి పేరుతో సత్రంలో కూడా కుంపటి రాజేసిన వాళ్ళున్నారు. ఇరవైరెండు తీర్థాల్లో తడిసి, ఆ తడిబట్టలతోనే వండిన వాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు మాత్రం అక్కడ అంత అవసరం లేదు. గుడిలో అన్నదానం ఉంది, ఇడ్లీ సాంబారు హోటళ్ళున్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో మాత్రం తక్కువా? అక్కడ తెలుగువాళ్ళు, అందులోనూ శ్రీకాకుళం, విశాఖ వైపు నించి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. మార్కెట్లో తెలుగు వినబడుతుంది, అన్నం పప్పు దొరుకుతుంది. పొయ్యి మోసుకెళ్ళవలసిన అడవి కాదది.

ఇక ముందు ఇలాంటివి రాసేవారికి ఒక మనవి. ఖర్చు పట్టీలో "ఎంత" అనే గడి పక్కన "ఎవరు" అనే గడి ఒకటి గీయండి. పులిహోర ఎవరు, బట్టలు ఎవరు, పెట్టె సర్దేదెవరు, ఇంటికొచ్చాక ఆ ఇసుక బట్టలన్నీ నానబెట్టేదెవరు. ఒక్కరి పేరే ఆ గడిలో పైనించి కిందదాకా వస్తే పట్టీ చించి మళ్ళీ వేయండి. డబ్బు చాలకపోతే భోజనం తగ్గించకండి, రోజు తగ్గించండి. వండుకుంటూ అయిదు రోజులు ఉండే బదులు, హోటల్లో తింటూ నాలుగు రోజులు ఉండొచ్చు. ఏ రోజు తీసెయ్యాలన్నది పెద్ద సమస్యేం కాదు. ప్రతి రచనలోనూ అయిదో రోజు గవ్వలు, పగడాలు కొనుక్కోవడానికని ఉంటుంది. అనుమతి కాగితాలు లేకుండా వాటిని దీవులు దాటనివ్వరు.