హెడ్డరు గొట్టములు: ప్రచారమెంత? శాస్త్రమెంత?

పాత స్పోర్ట్సు కార్లను ప్రీతితో పోషించువారు మొట్టమొదట మార్చదలచు భాగములలో ఎగ్జాస్టు మానిఫోల్డు ఒకటి. కర్మాగారము అమర్చిన పోత ఇనుప మానిఫోల్డును విప్పివేసి, దాని స్థానమున వంచి వెల్డింగు చేసిన ఉక్కు గొట్టముల సముదాయమును బిగింతురు. దీనికే హెడ్డరు అని పేరు. దీనిని బిగించినచో ఇంజను ఊపిరి తేలికయగుననియు, బలము హెచ్చుననియు అమ్మువారు చెప్పుదురు. ఈ మాటలో నిజమెంతయో పరీక్షించుటకు ఉన్నత పాఠశాలలో నేర్పు ధ్వనిశాస్త్రమును, కొద్దిపాటి అంకగణితమును చాలును.

ఉదాహరణకు ఎమ్.జి.బి. అను బ్రిటిషు కారును తీసికొనవచ్చును. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున ఈ జాతి కార్లు అయిదు లక్షలకు పైగా తయారైనవి. దీని ఇంజను నాలుగు సిలిండర్లది. పరిమాణము 1798 ఘన సెంటీమీటర్లు. ఇది 'బి-సిరీస్' అను కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములోనిదే 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను మన దేశమున అంబాసడర్ కారులో చాల ఏండ్లు పనిచేసినది. 2014లో అంబాసడర్ ఉత్పత్తి నిలిచిపోయినను, ఆ ఇంజను ధ్వని ఎరిగినవారు మనలో ఎందరో కలరు.

హెడ్డరును గూర్చి వినవచ్చు వివరణలు ముఖ్యముగా రెండు; అవి ఒకదానికొకటి విరుద్ధములు. గొట్టము ఎంత వెడల్పయిన అంత మంచిదని, పొగకు ఎదురు ఒత్తిడి ఉండరాదని ఒకరందురు. ఇంజనుకు కొంత ఎదురు ఒత్తిడి కావలెననియు, అది లేనిచో తక్కువ వేగమున బలము పోవుననియు మరియొకరందురు. రెండవవారు చూచిన అనుభవము నిజమే. చెప్పిన కారణము మాత్రము తప్పు. కాలిన వాయువును బయటికి నెట్టుటకు పిస్టను ఎంత శ్రమపడిన అంత శక్తి వ్యర్థమగును. కనుక ఎదురు ఒత్తిడి ఇంజనుకు ఎన్నడును మేలు చేయదు. అయినను గొట్టమును మితిమీరి వెడల్పు చేసినప్పుడు బలము తగ్గుట కలదు. వాయువు వేగము తగ్గిపోవుటయు, గొట్టములోని ఒత్తిడి తరంగములు బలహీనపడుటయు అందులకు కారణములు.

ఈ తరంగములే అసలు విషయము. ఎగ్జాస్టు వాల్వు తెరచుకొనగానే సిలిండరులోని వాయువు ఒక్కసారిగా గొట్టములోనికి దూకును. అప్పుడొక సంపీడన తరంగము బయలుదేరును. గొట్టము హఠాత్తుగా వెడల్పగు చోటికి చేరగానే అది తిరుగుముఖము పట్టును. కాని సంపీడనముగా గాక విరళీకరణముగా మరలివచ్చును. పిల్లనగ్రోవి తెరచిన కొనయందు జరుగునది కూడ ఇదే. ఈ విరళీకరణము వాల్వు మూయబోవు వేళకు సిలిండరును చేరినచో, మిగిలిన పొగను లాగివేయును. అప్పుడే తెరచుకొనుచున్న ఇన్‌లెట్ వాల్వు ద్వారా క్రొత్త మిశ్రమము వచ్చుటకు కూడ తోడ్పడును. వేళ తప్పి వచ్చినచో ఆ సాయము అందదు. ఎమ్.జి.బి. వెలువడిన 1962లోనే ఫిలిప్ హెచ్. స్మిత్ ఈ విషయముపై 'ది సైంటిఫిక్ డిజైన్ ఆఫ్ ఎగ్జాస్ట్ అండ్ ఇన్‌టేక్ సిస్టమ్స్' అను గ్రంథమును ప్రకటించెను. ఎగ్జాస్టు గొట్టము ఊహతో గాక లెక్కతో రూపొందవలసిన వస్తువని ఆ గ్రంథనామమే చాటుచున్నది.

ఇక లెక్క చూడవచ్చును. ఎమ్.జి.బి.లో ఎగ్జాస్టు వాల్వు, పిస్టను అడుగు కొసను చేరుటకు 51 డిగ్రీల ముందు తెరచుకొనును. అక్కడినుండి పిస్టను పై కొసను చేరువరకు క్రాంకుషాఫ్టు 51ని, 180ని కలిపి 231 డిగ్రీలు తిరుగును. ఈ ఇంజను అత్యధిక బలమైన 95 అశ్వబలములను నిమిషమునకు 5400 చుట్ల వేగమున ఇచ్చును. అనగా సెకనుకు 32,400 డిగ్రీలు. 231 డిగ్రీలు తిరుగుటకు పట్టు కాలము సుమారు 0.0071 సెకను. సుమారు 430 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఎగ్జాస్టు వాయువునందు తరంగవేగము సెకనుకు 520 మీటర్లనుకొన్నచో, ఆ కాలములో తరంగము 3.7 మీటర్లు పోవును. ఇది రాకపోకల మొత్తము; కనుక తరంగము మరలవలసిన చోటు వాల్వునుండి సుమారు 1.85 మీటర్ల దూరమున ఉండవలెను.

అదే ఇంజను అత్యధిక టార్కును, అనగా ఇరుసును త్రిప్పు బలమును, 3000 చుట్ల వద్ద ఇచ్చును. అక్కడ ఇదే లెక్క వేసినచో దూరము 3.3 మీటర్లకు పైగా వచ్చును. వాయువు చల్లబడుటవలన తరంగవేగము తగ్గును. తరంగము కూడ ఒక్క క్షణమున ముగియునది కాదు. కనుక ఇది స్థూలమైన లెక్క. అయినను సారము స్పష్టము. గొట్టము పొడవు ఒక్కటే. ఇంజను వేగములు అనేకము. ఒక వేగమున మేలుచేయు గొట్టము మరొక వేగమున ఆ మేలు చేయలేదు. అన్ని వేగములందును బలము పెంచు హెడ్డరని ఎవరైన చెప్పినచో, ఏ వేగమున ఎంత అని అడుగుట పాఠకుని హక్కు.

ఎమ్.జి.బి. విషయమున మరొక విశేషము కలదు. దీని సిలిండర్ హెడ్డులో ఎగ్జాస్టు ద్వారములు నాలుగు కావు, మూడే. రెండవ, మూడవ సిలిండర్లకు నడుమ ఉమ్మడి ద్వారమొకటి. మొదటిదానికి, నాలుగవదానికి వేరువేరు ద్వారములు. కనుక ఈ కారుకు బిగించు హెడ్డరులో శాఖలు మూడే ఉండును. ఇది లోపముగా కనబడినను, సిలిండర్లు పేలు క్రమమును చూచినచో అందలి పొందిక తెలియును. ఆ క్రమము 1, 3, 4, 2. పేలుడుకు పేలుడుకు నడుమ 180 డిగ్రీలు. 2, 3 సిలిండర్ల నడుమ 360 డిగ్రీల ఎడమున్నది. 1, 4 నడుమను అంతే. ఒకదాని పొగ మరొకదానికి అడ్డురాకుండ జతపరచవలెనన్న ఈ జతలే సరియైనవి. కర్మాగారపు ఇనుప మానిఫోల్డు ఈ జతలనే పాటించి, పొగను రెండు గొట్టములలోనికి వేరువేరుగా పంపును. హెడ్డరు నూతనముగా తెచ్చినదని చెప్పు సూత్రము పాత ఇనుములో మొదటినుండియు ఉన్నది. హెడ్డరు అదనముగా ఇచ్చునది పొడవైన శాఖలును, నునుపైన లోపలి గోడలును, తేలికయైన బరువును. అవి విలువలేనివి కావు. కాని మార్పులు చేయని ఇంజనులో వాటి ఫలితము స్వల్పము.

బిగించు పనిలోను చిక్కులు కలవు. ఈ ఇంజనులో ఇన్‌లెట్, ఎగ్జాస్టు మానిఫోల్డులు ఒకే ప్రక్కన ఉన్నవి. కొన్ని స్టడ్డుల వద్ద ఒకే దళసరి వాషరు రెండింటి అంచులను కలిపి నొక్కిపట్టును. హెడ్డరు అంచు ఇన్‌లెట్ అంచుకంటె పలుచనైనచో వాషరు ఒరిగి కూర్చుండును. హెడ్డరు వదులై గాస్కెట్టు కాలిపోవును. రెండు అంచుల మందమును సమము చేసిన పిమ్మటనే బిగింపవలెను. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత నట్టులను మరల బిగింపవలెను. కార్బురేటర్లు ఎగ్జాస్టునకు సరిగా పైననే ఉన్నవి. పలుచని ఉక్కు గొట్టము పైతలము మిక్కిలి వేడెక్కును గనుక నడుమనుండు వేడి అడ్డురేకును తీసివేయరాదు. గాలి రాక మారినచో పెట్రోలు పాలు కూడ సరిచూడవలెను. ఎస్.యు. కార్బురేటరులో ఈ పాలును నిర్ణయించునది కొనదేరిన ఒక సూది. మిశ్రమములో పెట్రోలు తగ్గినచో వచ్చిన బలము పోవుటయే గాక వాల్వులు చెడు ప్రమాదము కలదు.

ప్రచారమునందలి పెద్ద లోపము ఇక్కడనే బయటపడును. హెడ్డరు బిగించిన దినముననే కార్బురేటరు సూదులు మార్చి, ఇగ్నిషన్ సరిచేసి, పాత సైలెన్సరు స్థానమున క్రొత్తది పెట్టి, వచ్చిన మార్పునంతటిని హెడ్డరు ఖాతాలో వ్రాయుట పరిపాటి. ధ్వని హెచ్చినచో బలము హెచ్చినదని మనస్సు భ్రమించుట మరొకటి. ప్రయోగశాలలో విద్యార్థి ఇట్లు చేసినచో ఉపాధ్యాయుడు అంగీకరింపడు. ఒకసారి ఒకే అంశమును మార్చవలెను. మొదట పాత మానిఫోల్డుతోనే ఇంజనును చక్కగా సరిచేసి డైనమోమీటరుపై కొలువవలెను. తరువాత హెడ్డరు బిగించి, మిశ్రమమును మరల సరిచేసి, అవే పరిస్థితులలో కొలువవలెను. ఒక్క అంకెతో తృప్తిపడక, 2000 చుట్లనుండి 5500 వరకు గీసిన రెండు రేఖాపటములను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను.

కామ్‌షాఫ్టు మార్చి, వాల్వులను పెద్దవి చేసి, పందెములలో అధిక వేగమున నడుపు ఇంజనుకు తగిన పొడవుగల హెడ్డరు నిజముగా అవసరము. పాత మానిఫోల్డు పగిలి, మరొకటి దొరకనప్పుడును అది న్యాయమే. మార్పులు లేని ఎమ్.జి.బి.ని రహదారిపై మామూలుగా నడుపువాడు మాత్రము పగుళ్లులేని ఇనుప మానిఫోల్డును ఉంచుకొనుట మేలు. ఒకవేళ మార్చినను పాతదానిని తుక్కుకు అమ్మక భద్రపరుపవలెను. ఏలయన, కొలతలో హెడ్డరు ఓడిపోయినచో తిరిగి బిగించుటకు అదియే కావలెను.