పొదుపు తెలిసిన పనితనం

ఇంట్లో ఓ చిన్న కచేరీ రికార్డు చేయాలంటే మైకులు ఎన్ని కావాలి? గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి తొప్పి వైపొకటి, వలంతల వైపొకటి, ఘటానికి, తంబురాకు చెరొకటి, గది మొత్తానికి రెండు. వెరసి ఎనిమిది. మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్‌కు మైకు ఇన్‌పుట్లు రెండో నాలుగో ఉంటాయి. మిగతా మైకులకు దారి వెతికేవాళ్లు తరచుగా చేరుకునేది బెరింజర్ ఏడీఏ8200 దగ్గరికి. ఒక్క ర్యాక్ యూనిట్ ఎత్తులోనే ఎనిమిది ప్రీఆంప్‌లు, వాటితో పాటు డిజిటల్ కన్వర్టర్లు. దీన్ని చేసినవాళ్ల నేర్పు తెలియాలంటే ఏం పెట్టారో చూడాలి, ఏం మానేశారో ఇంకా శ్రద్ధగా చూడాలి.

ముందు పెట్టినదాని సంగతి. గాయకులు ఎక్కువగా వాడే షూర్ ఎస్ఎం58 మైకు ముందు 94 డెసిబెల్స్ శబ్దం చేస్తే అది పుట్టించేది 1.85 మిల్లీవోల్టులు. రికార్డింగ్ పరికరాల లైన్ స్థాయి 1.23 వోల్టులు. అంటే ప్రీఆంప్ దాన్ని ఆరువందల పైచిలుకు రెట్లు పెంచాలి, ఆ పెంచడంలో సొంత రొద కలపకూడదు. ఈ రొదకు ప్రకృతే ఒక హద్దు గీసింది. 150 ఓమ్‌ల నిరోధం ఊరికే గది వేడిమికే సుమారు మైనస్ 131 డీబీయూ రొద చేస్తుంది. ఎంత డబ్బు పోసినా దానికి దిగువకు పోలేం. ఇవాళ మంచి పేరున్న చవక ప్రీఆంప్‌లు మైనస్ 128 దరిదాపుల్లో ఉన్నాయి. మిగిలిన తేడా మూడు డెసిబెల్స్.

దీన్నే ఎస్ఎం58 వైపు నుంచి లెక్కవేస్తే ప్రీఆంప్ రొద గదిలో సుమారు 18, 19 డెసిబెల్స్ శబ్దంతో సమానం. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ చప్పుడు దానికి ఎన్నో రెట్లు. రొద పోవాలంటే ఖరీదైన ప్రీఆంప్ కొనేముందు ఫ్యాన్ ఆపి, కిటికీ మూయాలి.

ఏడీఏ8200లోని ప్రీఆంప్‌ల రూపకల్పన మైడస్‌ది. పెద్ద వేదికల మిక్సింగ్ కన్సోళ్లకు పేరుపడ్డ బ్రిటిష్ సంస్థ అది. 2009లో బెరింజర్ మాతృసంస్థ దాన్ని కొనేసింది. అలా కన్సోళ్లు చేసిన చేతుల అనుభవం ఈ చవక పెట్టెలోకీ దిగింది.

ఇక గెయిన్ నాబ్ చూడండి. చాలా ప్రీఆంప్‌లలో గెయిన్‌ను నిర్ణయించేది ఒకే ఒక మారే నిరోధం. దాని విలువ సగమైన కొద్దీ గెయిన్ దాదాపు రెట్టింపవుతుంది. అందుకే చవక రకాల్లో నాబ్ ముప్పాతిక దాకా నింపాదిగా కదిలి, చివరి కాస్త మలుపులో ఒక్కసారిగా ఎగబాకుతుంది. గదికి పెట్టిన రెండు మైకుల గెయిన్ సమం చేయాలంటే నాబ్ మీది గీతలను నమ్మితే కుదరదు. రెండు మైకులనూ ఒకేచోట పెట్టి, ఒకే శ్రుతి మోగించి, కంప్యూటర్లో మీటర్లు చూసి కలపాలి.

ఇప్పుడు మానేసినవి. కండెన్సర్ మైకులకు కరెంటు పంపే ఫాంటమ్ మీట ఎనిమిదింటికీ కలిపి ఒక్కటే. మామూలు డైనమిక్ మైకుకు దీంతో చిక్కు లేదు: 48 వోల్టులు రెండు తీగలకూ సమానంగా అందుతాయి, కాబట్టి మైకులోని తీగచుట్టలో కరెంటు పారదు. పాత రిబ్బన్ మైకులతో మాత్రం జాగ్రత్త. అడుగు స్థాయి గుయ్‌మనే శబ్దాన్ని కోసేసే లో-కట్ మీట లేదు. ఆ పని తర్వాత కంప్యూటర్లోనూ చేసుకోవచ్చు. సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ కూడా లేదు. నిజంగా లోటనిపించేది ఇదే. మృదంగానికి దగ్గరగా కండెన్సర్ మైకు పెడితే ఒక్క గట్టి దెబ్బకు ఎర్రదీపం వెలుగుతుంది. అక్కడ డైనమిక్ మైకు వాడాలి, లేదా సొంత ప్యాడ్ ఉన్న కండెన్సర్ తెచ్చుకోవాలి.

ఎనిమిది చానళ్లూ ఇంటర్‌ఫేస్‌కు చేరేది సన్నటి ఆప్టికల్ కేబుల్ ఒక్కదానిలోనే. 1990ల తొలినాళ్లలో అలెసిస్ తన ఎనిమిది ట్రాకుల టేప్ రికార్డర్ కోసం తెచ్చిన ఏడాట్ పద్ధతి ఇది. టేపు పోయింది, కేబుల్ నిలిచింది. కొనేముందు మీ ఇంటర్‌ఫేస్‌కు ఏడాట్ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోండి. ఈ రెండు పరికరాల్లో క్లాక్ మాత్రం ఒకటే నడపాలి, రెండోది దాన్ని అనుసరించాలి. రెండూ దేని లెక్క అది వేసుకుంటే పాటలో టిక్కుటిక్కుమనే చప్పుళ్లు పడతాయి. ఏడీఏ8200 శాంప్లింగ్ వేగం 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. పాట పంచుకోవడానికీ వీడియోకూ అది చాలు.

కొన్ని రెట్లు ఎక్కువ పెడితే ఆడియెంట్ ఏఎస్‌పీ880 వస్తుంది. అందులో ప్రతి చానల్‌కూ లో-కట్ ఉంది, మైకుకు తగ్గట్టు ఇన్‌పుట్ ఇంపెడెన్స్‌ను మూడు మెట్లలో మార్చుకునే వీలుంది. ఆ అదనపు సొమ్ములో ఎక్కువ భాగం ఇలాంటి సౌకర్యాలకే. నిశ్శబ్దం చవక పెట్టెలోనే ముప్పాతిక మీదికి వచ్చేసింది. రోజూ రకరకాల మైకులతో పనిచేసే స్టూడియోకు ఆ ఖర్చు గిట్టుతుంది. నెలకో రెండు నెలలకో ఇంట్లో పాడించుకునేవాళ్లు ఏడీఏ8200 తీసుకుని, మిగిలిన డబ్బు మంచి మైకులకూ గట్టి స్టాండ్లకూ పెడితే తేడా వినిపిస్తుంది.