రైలుపెట్టెలు లెక్కపెట్టిన ఇల్లు

చిన్నప్పుడు రైల్వేగేటు దగ్గర నిలబడి గూడ్సుబండి పెట్టెలు లెక్కపెట్టనివారు మనలో ఎవరూ ఉండరు. ఒకటి, రెండు అని మొదలుపెట్టి ముప్ఫైకో నలభైకో వచ్చేసరికి పక్కవాడు మాట కలపడం, లెక్క తప్పడం, చివర గార్డుపెట్టె మనల్ని వెక్కిరిస్తూ వెళ్ళిపోవడం మామూలే. అదే ఆటను, లెక్క తప్పితే వేలమంది ప్రాణాలు పోతాయనీ, పట్టుబడితే తమ ప్రాణం పోతుందనీ తెలిసి ఆడినవాళ్ళున్నారు. వాళ్ళను గురించిన పుస్తకం ఒకటి మా పఠనగోష్ఠిలో మూడు ఆదివారాలు చదివాము. చదివినంతసేపూ మెచ్చుకున్నాము, పోట్లాడుకున్నాము కూడా. ఆ రెండింటి సంగతీ ఇక్కడ రాస్తున్నాము.

పుస్తకం పేరు 'సీక్రెట్స్ ఆఫ్ ది వైట్ లేడీ'. రాసినవాడు హెన్రీ లాండౌ. 1935లో న్యూయార్కులో అచ్చయింది. పాతపుస్తకాల అమ్మకంలో అట్ట చిరిగిన ప్రతి మాలో ఒకరికి దొరికింది. లాండౌ దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదువుకుని, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1916లో, బ్రిటిషు గూఢచారి శాఖ తరఫున హాలెండులోని రోటర్‌డామ్‌కు వెళ్ళాడు. హాలెండు అప్పుడు తటస్థదేశం. పక్కనున్న బెల్జియం మాత్రం 1914 ఆగస్టు నుంచీ జర్మనుల చేతిలో ఉంది. ఆ దేశంలో సముద్రపు ఒడ్డున ఒక మూల తప్ప మిగిలినదంతా, దానితోపాటు ఉత్తర ఫ్రాన్సులో కొంతభాగమూ, నాలుగేళ్ళు పరాయిసైన్యం కింద నలిగింది. హాలెండు సరిహద్దు పొడుగునా జర్మనులు 1915లో కరెంటు తీగల కంచె కట్టారు. ముట్టుకుంటే చావే. ఆ కంచెకు అవతల జరిగేది ఇవతలికి తెప్పించడమే లాండౌ ఉద్యోగం.

సైన్యం కదలికలంటే ఆ రోజుల్లో రైళ్ళే. ఒక డివిజను ఒకచోటినుంచి మరోచోటికి కదలాలంటే నలభై, యాభై రైళ్ళు కావాలి. మనుషులకు కొన్ని పెట్టెలు, గుర్రాలకు కొన్ని, ఫిరంగులకూ బళ్ళకూ పైకప్పులేని పెట్టెలు. ఒక రైలును చూసినవాడికి ఏమీ తెలియదు. ఒకే లైను మీద రాత్రింబవళ్ళు పోయినవన్నీ వరసగా రాసుకున్నవాడికి మాత్రం ఎంత సైన్యం ఎటు పోతున్నదో తెలిసిపోతుంది. మధ్యలో నాలుగుగంటలు కునుకు తీస్తే ఆ వారం లెక్కంతా పాడు. ఈ పనికి ధైర్యం ఒక్కటే చాలదు, విసుగు చెందని స్వభావం కావాలి. లాండౌ ఈ సంగతి గ్రహించి రాసిన పేజీలే ఈ పుస్తకంలో అన్నిటికన్నా గట్టి పేజీలని మా అభిప్రాయం.

అంతకుముందు ఇలాంటి దళాలు చాలా కూలిపోయాయి. ఒక దళం తన రిపోర్టులన్నీ సరిహద్దు దాటి మాస్ట్రిక్టు ఊరికి పోయే ఒకే ఒక ట్రాములో దాచి పంపేది. జర్మనులు ఆ ట్రామును కనిపెట్టారు, దండ తెగి పూసలు రాలినట్టు దళమంతా రాలిపోయింది. లియేజ్ నగరంలో దళం నడిపిన దియోదొనే లాంబ్రెక్ట్‌ను 1916 ఏప్రిల్లో కాల్చి చంపారు. అతని బంధువు ఒకాయన, టెలిఫోను శాఖలో ఇంజనీరు, ఆ పని తాను అందుకున్నాడు. ఆయన పేరు వాల్తేర్ దెవే. (ఈ పేరు పైకి చదవగానే మాలో విశాఖపట్నంవారు ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. మన వాల్తేరుకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు.) దెవే, ఆయన మిత్రుడు ఎర్మాన్ షొవేఁ కలిసి కట్టిన దళమే 'తెల్లని దొరసాని'. తెల్లబట్టల దొరసాని దయ్యమై కనబడిన నాడు జర్మనీ రాజవంశం కూలుతుందని ఒక పాత నమ్మకం ఉండేది, పేరు దాన్నించే తీసుకున్నారు. దెవే లాంబ్రెక్ట్ చావునుంచి నేర్చుకున్నాడు. దళాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక ముక్కవాళ్ళకు మరో ముక్కవాళ్ళ పేర్లు తెలియకుండా కట్టుదిట్టం చేశాడు. ఈ 'పేర్లు తెలియకుండా' అన్నమాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాము.

వీళ్ళు బ్రిటిషువారికి పెట్టిన షరతు ఒకటుంది. మమ్మల్ని జీతానికి కుదిరిన గూఢచారులుగా చూడవద్దు, సైనికులుగా ప్రమాణం చేయించుకుని సైనికులుగానే లెక్కించండి అన్నారు. ఆడవాళ్ళతో సహా. బ్రిటిషువారు ఒప్పుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిసేసరికి దళంలో వెయ్యిమంది దాకా ఉన్నారు. వారిలో స్త్రీలు తక్కువేమీ కాదు.

ఇక ఫూర్మీ ఊళ్ళోని ఇల్లు. ఈ పరిచయం రాయడానికి కారణం ఆ ఇల్లే. ఫూర్మీ ఉత్తర ఫ్రాన్సులో బెల్జియం సరిహద్దు దగ్గర ఉంది. జర్మను సేనల వెనక, యుద్ధరంగానికి అడ్డంగా, ఇర్సోఁ మీదుగా మెజియేర్ వైపు పోయే రైలుమార్గం అక్కడ ఉంది. ఒక రంగం నుంచి మరో రంగానికి దళాలను మార్చాలంటే ఆ లైనే దిక్కు. లైను పక్కనే లతూష్ అనే మాజీ రైల్వే ఉద్యోగి ఇల్లు. 1917 సెప్టెంబరులో అక్కడ కాపలా మొదలైంది. పగలు పద్నాలుగేళ్ళది, పదమూడేళ్ళది ఇద్దరు కూతుళ్ళు కిటికీ దగ్గర. రాత్రి తల్లీ తండ్రీ వంతులవారీగా. లెక్క రాసుకోవడానికి లేదు, సోదాలో కాగితం దొరికితే అంతే. అందుకని వంటింట్లోంచి తెచ్చుకున్నారు. సైనికులున్న పెట్టెకు చిక్కుడుగింజ, గుర్రాల పెట్టెకు చికోరీ ముక్క, ఫిరంగుల పెట్టెకు కాఫీగింజ. తర్వాత ఆ లెక్క రిపోర్టుగా మారి, బోలుగా ఉన్న చీపురుకర్రలో దాగి, మనిషి వచ్చి తీసుకుపోయేదాకా మూలన నిలబడేది.

చికోరీ కలపని కాఫీ కాఫీయే కాదనుకునే మనకు ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది. డబ్బాలోని కాఫీగింజలు తగ్గాయంటే ఎక్కడో ఫిరంగులు కదిలాయన్నమాట! కానీ ఆ ఇంట్లో ఆ గింజలను మళ్ళీ కాచుకుని తాగేవారా, లేక చూస్తే భయంవేసి పక్కన పెట్టేవారా అని మాలో ఒకావిడ అడిగారు. ఇలాంటి ప్రశ్న లాండౌకు తట్టదు. ఆయన కాలు ఆ ఇంటి గడపదాకా వచ్చి ఆగిపోతుంది. పదమూడేళ్ళ పిల్ల పొద్దస్తమానం కిటికీ వదలకుండా కూర్చుంటే ఇరుగుపొరుగుకు ఏం చెప్పుకున్నారు, ఆడుకోవడానికి పిలిచిన స్నేహితురాలిని ఏమని పంపేశారు, ఈ సంగతులు ఆయనకు అక్కరలేదు. మాకు కావలసినవి అవే.

ఆ లోటు కొంత తీర్చినది మా గోష్ఠికి వచ్చిన ఒక పెద్దాయన. కాజీపేటలో గార్డుగా పనిచేసి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. ఇంగ్లీషు పుస్తకాలంటే పెద్దగా ఇష్టం లేదు, కాఫీకని వచ్చి కూర్చున్నారు. రాత్రి కాపలా పేజీలు చదువుతుంటే మధ్యలో ఆపి, "రాత్రిపూట చూసేదేముందయ్యా, వినాలి. పట్టాల అతుకు మీద చక్రం పడే చప్పుడు ఉంటుందే, అదే లెక్క. ఖాళీపెట్టె మోత వేరు, బరువు పెట్టె మోత వేరు. గుర్రాలుంటే అవే చెబుతాయి" అన్నారు. ఆగి, "ఆ పిల్లలు పెద్దయ్యాక రైలు కూత వింటే నిద్రపోయి ఉండరు" అన్నారు. లాండౌ పుస్తకం మొత్తంలో దీనికి సరితూగే వాక్యం మాకు కనబడలేదు.

1917 చివర్లో రష్యా యుద్ధంలోంచి తప్పుకున్నాక తూర్పునుంచి పడమటికి జర్మను డివిజన్లు తరలిరావడం మొదలైంది. ఆ లెక్కంతా ఇలాంటి కిటికీల్లోంచే బయటికి వచ్చింది. లెక్క చేరాక సేనాధిపతులు దాన్ని ఏం చేసుకున్నారన్నది వేరే కథ. 1918 మార్చి 21న దాడి వచ్చింది. వస్తుందని తెలిసి కూడా బ్రిటిషు అయిదో సైన్యం నిలవలేకపోయింది. చిక్కుడుగింజలది మాత్రం తప్పు కాదు.

రచన సంగతి. లాండౌ పత్రికల ధోరణిలో రాస్తాడు. ప్రతి అధ్యాయమూ ఉత్కంఠ మీద ముగియాలి, ప్రతి జర్మను పోలీసూ కుటిలుడు కావాలి. తనవాళ్ళను పొగిడేచోట తనను కూడా కాస్త కలుపుకుంటాడు. గొప్ప పనిని గొప్పమాటలతో చెప్పాలనుకోవడం ఆయన బలహీనత. ఇందులో ఆయన ఒక్కడి తప్పే లేదు. ఫూర్మీలో కాపలా మొదలైన మరుసటి నెల, 1917 అక్టోబరు 15న, పారిస్ దగ్గర మాతాహరిని కాల్చి చంపారు. ఆవిడ మీద 1931లో గ్రెటా గార్బోతో సినిమా వచ్చింది. గూఢచారిణి అంటే ముత్యాలు, నాట్యం, వలపు అని లోకం ఖాయపరుచుకున్నాక, చీపురుకర్ర కథ అమ్మాలంటే దానికి కూడా కొంచెం జరీ అంచు కుట్టాలి కాబోలు.

ఇప్పుడు మేము పోట్లాడుకున్న విషయం. లాండౌ పేర్లు రాశాడు. ఊరు, వృత్తి, ఎవరు ఎవరికి బంధువు, ఏ పద్ధతిలో కబురు పంపారు, అన్నీ. బ్రిటనులో అయితే అధికార రహస్యాల చట్టం అడ్డుపడేది. ఆయన అప్పటికి అమెరికా పౌరుడై ఇక్కడ అచ్చువేయించాడు. 1935 నాటికి జర్మనీలో హిట్లరు రెండేళ్ళుగా గద్దె మీద ఉన్నాడు. ఒకరి పేరు ఒకరికి తెలియకూడదని దెవే ప్రాణంపెట్టి కాపాడిన కట్టుదిట్టాన్ని, మూడోవాడు అయిదేళ్ళు తిరగకముందే పనికిరాబోయే సమయంలో, పుస్తకాల దుకాణంలో ఎవరైనా కొనుక్కునేట్టు చేశాడు. 1940 మే 10న జర్మనులు మళ్ళీ బెల్జియంలో అడుగుపెట్టారు. దెవే అప్పటికి అరవై దాటబోతున్న మనిషి. పాతవాళ్ళలో కొందరిని కలుపుకుని మళ్ళీ దళం కట్టాడు, దాని పేరు 'క్లారెన్స్'. 1944 జనవరిలో బ్రసెల్సులో, తన దళంలోని ఒకావిడను హెచ్చరించడానికి వెళ్ళి, జర్మను పోలీసుల చేతచిక్కి, తప్పించుకు పరుగెత్తుతుంటే వీధిలోనే కాల్చేశారు.

ఈ పుస్తకం వల్లే ఆయన చచ్చిపోయాడని మేము అనడంలేదు. మూడున్నరేళ్ళు పైగా వాళ్ళ కళ్ళుగప్పి పనిచేశాడంటే ఆయన జాగ్రత్త అలాంటిది. కానీ పులి పొదలోంచి వెళ్ళిపోయిందనుకుని దారిలో గుర్తులు పెట్టేవాణ్ణి బుద్ధిమంతుడని ఎలా అంటాం? మాలో ఎక్కువమంది మాట ఇది.

దీనికి ఎదురు చెప్పినావిడ, ఇందాక కాఫీగింజల సంగతి అడిగినావిడే. "పేరు రాయకపోతే ఏమయ్యేది? లాండౌ పేరే మిగిలేది, లండనులో కుర్చీలో కూర్చున్నవాడి పేరే మిగిలేది. పెద్దపెద్ద మగవాళ్ళకు విగ్రహాలు వస్తాయి. కిటికీ దగ్గర కూర్చున్న ఆడపిల్ల ఉన్నదని ఎవడికి తెలుస్తుంది? మనం ఈరోజు మాట్లాడుకుంటున్నది ఆయన రాయబట్టే కదా" అన్నారు. బ్రసెల్సులో గాబ్రియెల్ పెతీ విగ్రహం ఉన్నదే అని ఎవరో అందించారు. ఆమె కూడా జర్మను దళాల కదలికలు కనిపెట్టి చెప్పినదే, 1916 ఏప్రిల్ 1న ఇరవైమూడో ఏట కాల్చి చంపారు. "చంపారు గనక విగ్రహం. బతికి ఇంటిపని చేసుకున్నదానికి?" అన్నారావిడ. జవాబు దొరకలేదు. ఒక్కటి అడిగాము, పదేళ్ళో పదిహేనేళ్ళో ఆగి రాసి ఉండకూడదా అని. ఆగితే రాయగలిగినవాడు బతికి ఉంటాడని ఏమిటి భరోసా అన్నారు. అక్కడితో ఆ ఆదివారం కాఫీలు చల్లారిపోయాయి.

మా మటుకు మేము ఆమె మాటను కాదనలేము, లాండౌను క్షమించనూలేము. చదవదలచుకున్నవారు ముందు ఫూర్మీ భాగం, తర్వాత దళాన్ని ముక్కలుగా కట్టిన భాగం చదవండి. ఎత్తుకు పైయెత్తుల అధ్యాయాలు తీరికుంటే చాలు. ప్రతి ఒక్కటే ఉంది, కార్యదర్శి ఇంట్లో ఉంది. తీసుకెళ్ళేవారు వెనక అట్ట లోపలి కాగితం మీద పేరూ తేదీ రాయాలని సంఘం నియమం. ఈ ఒక్క పుస్తకానికి తేదీ చాలునని కార్యదర్శి ఒప్పుకున్నారు.